అచ్చులో ఖాళీ

మా చెంగల్రాయుడు మామ
చిత్తూరు గాంధీరోడ్డు ప్రెస్సులో పెళ్లికార్డు కూర్చి
చి.ల.సౌ. పక్కన చోటు వదిలేవాడు.
పేరు రాకముందే అనేవాడు:
"ఆరక్షరాలు దాటితే ఈడ ఇరుక్కుంటాది మే."

నా కంపైలర్‌కి ఆ చూపు లేదు.
టెంప్లేటులో టైపు ఖాళీగా ఉన్నంతసేపూ
ఎనిమిది థ్రెడ్లు ఒకే మొత్తం మీద చెయ్యేసే లూపుని
చూసీ చూడనట్టు పోనిస్తుంది.
ఎవరో, ఎక్కడో, టైపు నింపాక
రెండొందల లైన్ల ఏడుపు.
అదీ వాళ్ల మీద.

మూడు వారాలుగా ఇదే గొడవ నాకు:
ఏ టైపు వచ్చినా తప్పయ్యేదాన్ని
ఖాళీ దగ్గరే నిలదీయాలి.

రాత్రి, కరెంటు పోయి వచ్చాక,
ఒక్క లైను పడింది:
"పదకొండో లైనులో మొత్తం అందరి చేతిలో ఉంది."
తప్పు నేను రాసిందే.
మామ ఉంటే కళ్లద్దాలు నుదుటికి తోసి
ఆ ఖాళీని వేలితో కొలిచేవాడు.