మూడు దిమ్మలు ఎక్కువ

నిండా మునిగినవాడికి చలేమిటంటాం మనం,
గట్టు మీద కూర్చుని.
నార్వేలో, స్టర్నెసుండ్ రేవులో ఆ మాట చెల్లదు.
అక్కడ ఫిబ్రవరి నీళ్లు నాలుగు డిగ్రీలు.
చలి మునిగినవాడితోనే మొదలవుతుంది:
ముందు పెదవులకు, తర్వాత బొటనవేళ్లకు,
చివరికి ఆలోచనకు.

అందుకే ఉన్ని మీద ఉన్ని తొడుక్కుంటారు,
దాని మీద నీరు చొరని రబ్బరు సూటు.
ఉన్నిలో గాలి దాక్కుంటుంది. గాలి తేలుతుంది.
తేలేవాణ్ణి ముంచడానికి సీసం కావాలి.

సీసం పోసేది తొరున్.
పడవల కొట్టం వెనక పాత వలగుండ్లు కరిగించి
రొట్టెల మూసల్లో పోస్తుంది,
దిమ్మకు రెండు కిలోలు.
చల్లారాక ఒక్కోదాన్నీ అరచేతిలో ఆడించి
"ఇది ఎవరి పక్షమూ కాదు" అంటుంది.

సిగ్వార్ట్ బస్సు డ్రైవరు.
మొదటిరోజు ఎంత తన్నుకున్నా మునగలేదు,
కాళ్లు పైకి, తల కిందికి, బాతులా.
రేవు మీద పిల్లలు నవ్వారు.
మర్నాడు ఒక దిమ్మ ఎక్కువ కట్టుకున్నాడు.
కొత్త ఉన్ని కొన్నాడని ఇంకొకటి.
మూడోది ఎందుకో అతనికీ గుర్తులేదు,
ఉంటే మంచిదని.
కలిపేటప్పుడు ఏదో ఒక కారణం ఉంటుంది,
తీసేయడానికి ఎవరికీ తీరిక ఉండదు.

ఆ ఆదివారం అతను బాగా మునిగాడు.
మరీ బాగా.
తొమ్మిది మీటర్ల దగ్గర రాతి అరుగు, అక్కడ ఆగాలి.
మోకాళ్లు తగిలి బురద లేచింది,
దీపం పాలగ్లాసులో చెంచా అయింది.
అరుగు అంచు ఎప్పుడు దాటాడో తెలియదు.

లోతు సూటును పిండుతుంది,
తడిబట్టను పిండినట్టు, లోపలి ఒంటితో సహా.
పిండిన కొద్దీ బరువు. బరువెక్కిన కొద్దీ లోతు.
మీట నొక్కాడు, సూటులోకి గాలి.
ఇంకో మీట, జాకెట్టులోకి.
ఆరు కిలోల అనుమానాన్ని మోయడానికి
ఆరు లీటర్ల గాలి.
ఆ గాలి ఒకచోట ఊరుకోదు,
చెంబులో నీళ్లలా తొణుకుతుంది,
కాస్త వంగితే పాదాల్లోకి పారి
మనిషిని తలకిందులు చేస్తుంది.
అంత తొందరగా లాగిన గాలికి
ఇత్తడి లోపల మంచుగింజ కట్టింది.
కవాటం మూసుకోవడం మరిచిపోయింది.
ఇక అంతా తెల్లటి రొద.

ముప్ఫై ఒకటి, ఓడ్నీ తన మణికట్టు చూపింది.
అతని పట్టీ పట్టుకుని పైకి తన్నింది.
ఇద్దరూ కిందికే పోతున్నారు.
మూడువేళ్ల చేతిజోళ్లతో రబ్బరు మడతల కింద
బకిల్ కోసం వెతికింది,
కుండ అడుగున మెతుకు కోసం వెతికినట్టు.
దొరికింది.
బెల్టు జారి నల్లటి నీళ్లలోకి పోయింది,
చప్పుడైనా లేకుండా.
మరుక్షణం అతను లేడు.
ఆమె చేతిలో అతని ఒక కాలి రెక్క.

పైన తొరున్ అతన్ని పడవలోకి లాగింది.
తిట్టలేదు.
ముఖానికి ఆక్సిజన్ పెట్టి
ఈనుతున్న ఆవును నిమిరినట్టు
వీపు నిమురుతూ కూర్చుంది, ఒడ్డు వచ్చేదాకా.

మే నెలలో ఓడ్నీ ఆ బెల్టు పైకి తెచ్చింది.
తొమ్మిది దిమ్మలు. రెండింటి మధ్య
వేలెడు పీత కాపురం పెట్టింది.
తొరున్ ముందు పీతను నీళ్లలో వదిలి,
ఆరు గూట్లో పెట్టి, మూడు కరిగించింది.
మళ్లీ వలగుండ్లయ్యాయి.

ఇప్పుడు కొత్తవాళ్లను సిలిండరు దాదాపు ఖాళీ చేయించి
రేవు పక్కనే నిలబెట్టి చూస్తుంది:
ఊపిరి నిండా పట్టు, కదలకు.
నీళ్లు కంటి దగ్గర నిలవాలి.
ఇప్పుడు వదులు. మెల్లగా మునగాలి.
"ఇంకొక్కటి ఇవ్వండి, ధైర్యానికి" అని ఎవరైనా అంటే
"ధైర్యం ఈ కొట్టంలో పొయ్యం" అంటుంది.

సిగ్వార్ట్ మళ్లీ బస్సు నడుపుతున్నాడు.
ఎడమ చెవి తిరిగి రాలేదు.
దిగాల్సినవాళ్లు గంట రెండుసార్లు కొడతారు.
ఒక్కోసారి మూడు.