తెర ఎడమ అంచు

హకొదాతెలో మంచు కమ్మేసి బడి మూసేశారు.
కుంపటిబల్ల దుప్పటి కింద మూడు జతల కాళ్ళు,
పైన రెండే కంట్రోలర్లు.
రియోహెయ్ అన్న ఒకటి నాయనమ్మకిచ్చాడు,
నాక్కాదు.

నలభై ఏళ్ళు స్క్విడ్ కోసిన బొటనవేలు
గెంతే మీట కోసం తడుముకుంటోంది.
అన్న కుడివైపుకి ఒకటే పరుగు.
తెర కదలదే!
ఎడమ అంచున ఆవిడ బొమ్మ
చెక్కపెట్టెకి ముఖం ఆనించి
నడుస్తూనే ఉంది.
దాని నెత్తిమీద ‘ఫుమియే’ అని పేరు.
తాతయ్య పోయాక
ఆ పేరు ఎవరూ వాడలేదు.

ఆవిడ ప్రాణాలైపోయాయి.
అన్న తన రెండిట్లో ఒకటిచ్చాడు.
"మళ్ళీ ఎప్పటికివ్వాలిరా?"
చేపలకొట్టు బాకీలా అడిగింది,
నవ్వకుండా.

కాసేపటికి ఇద్దరూ కలిసే గోతిలో పడ్డారు.
ఇక నా వంతు.

ఆవిడ కంట్రోలర్ వదిలితేగా!