బాకీ పన్ను

కొడంగల్ దాటినంక, కందిచేన్ల నడుమ
బాయి తవ్వితే నల్లరాయి,
దానికింద బూడిదరంగు మన్ను,
మన్ను కింద మళ్ళ నల్లరాయే.
ఆ నడిమి మన్ను కోసం పట్నం నుంచి వచ్చింది రఫత్ మేడం,
జీపు నిండ ఖాళీ సంచులేస్కొని.

జల్లెడ పట్టేటోళ్ళు గావాలన్నది.
ఊరంత నా దిక్కు చూపెట్టింది.
నలభై ఏండ్లు కంట్రోలు బియ్యం ఏరిన చేతులివి,
మెరిగెకూ నూకకూ తేడా
కండ్లకంటె ముందు వేలికొసకు ఎరుక.

మన్ను ఎండబోసుడు,
గ్యాస్‌నూనెల నానబెట్టుడు,
తొట్టిల ముంచి సన్నజల్లెడల ఆడించుడు.
మూడు దినాలు వట్టి ఇసుకే.
ఒక చేపపొలుసు, నత్తగుల్ల,
కప్పదట, ఎముకముక్క.
"ఇంత మన్నుకు ఇంతేనా మేడం?"
"బీసమ్మా, నువ్వు ఆడించు" అన్నది.

నాలుగో దినం, పొద్దు వాలేయాల్లకు,
తడి ఇసుకల ఏదో మెరిసింది.
ఆవగింజల సగం.
గోరుమీద పెడితే గోరే పెద్దగ కొట్టొచ్చింది.
నూక గాదు.
నూకకు ఇన్ని కొనలుండయి.

భూతద్దం పెట్టి మేడం చానసేపు ఏం మాట్లాడలే.
తర్వాత గొంతు తగ్గించి,
పక్కల పసిపిల్ల పండుకున్నట్టు,
"పన్ను" అన్నది.

మా ఊర్ల పన్నంటే పంచాయతీ చీటి.
నేను జర భయపడ్డ.

రాకాసి బల్లులు తిరిగిన కాలందట.
బస్సులంతటి బల్లులు,
వాటి కాళ్ళసందున చుంచంత పానం.
ఒంటినిండ బొచ్చు, పిల్లలకు పాలు.
బల్లుల సంగతి నేను నమ్మలే గని
పాలు అన్నంక నమ్మిన.

ఇక్కడ అప్పుడు చెరువుండెనట.
నేల పగిలి నిప్పు పారి, చల్లారి, రాయి ఆయెనట.
రాయి మీద వాన, వాన నీళ్ళల్ల నాచు,
కప్పలు, చెట్లు, మళ్ళ చెరువు,
మళ్ళ నిప్పు.
"మరి గింత పానం యాడ దాక్కున్నది?"
"చెట్టుతొర్రలనో, బొరియలనో. ఎవరికెరుక?
మనకు దొరికింది పన్నొక్కటే."

ఆ ఒక్కటి పట్టుకొనే చెప్పింది, పురుగులు తిని బతికిందని.
మా అవ్వ గూడ అంతే,
పగిలిన గాజుముక్క జూసి ఏ ఇంటి పిల్లదో చెప్పేది.

"మనం దీని పిల్లలమేనా?"
"నేరుగ గాదు. దీని దాయాదులెవరో ఉంటరు,
వాళ్ళ దిక్కు నుంచి."
దాయాదులంటె నాకు తెలుసు.
గెట్టు కాడ కొట్లాడినా చావుకు మైల పడుతరు.

ఎన్నేండ్లయితదంటే
ఆరుకోట్ల అరవై లక్షలని రాసుకున్నది.
నాకు అరవై ఆరు.

ఆరేండ్లప్పుడు ముందటి పన్నూడితే
అవ్వ పేడల చుట్టి చేతికిచ్చింది.
గుడిసె మీదికి ఇసిరి అరిచిన,
"ఎలుకా ఎలుకా, నా పన్ను తీస్కో, నీ పన్ను నాకియ్యి!"
వచ్చింది, వంకరది.
ఎలుక మోసం జేసిందని అవ్వ ఒకటే నవ్వుడు.

ఇప్పుడు కిందిదవడకు మూడే మిగిలినయి.
గోరుమీద ఉన్న ఇది
నా బాకీల వడ్డా, అసలా?

ఒక్క రాత్రి ఇంట్ల పెట్టుకుంటనన్న.
అట్ల కుదరదన్నది మేడం.
మందుగోలి డబ్బీల దూదేసి,
దూది మీద పన్ను, డబ్బీ మీద నంబరు.
కూలి లెక్కగట్టి, ఇంకో వంద ఎక్కువిచ్చి పోయింది.

ఆ రాత్రి కందులమూట కాడ
కిచ్ కిచ్‌మని చప్పుడు.
చెప్పు చేతుల పట్టుకొని లేచిన.
గోడమూలకు నక్కింది చుంచు,
గుండె మొత్తం ఒళ్ళే అయినట్టు కొట్టుకుంటున్నది.
మూట ఎత్తి అటక మీద పెట్టుకున్న.
దాని తిండి దాని ఇష్టం, నా కందులు నావి.

జీపు పోయి రెండేండ్లాయె.
గుంత పూడ్చి కంది వేసిన్రు.
బియ్యంల మెరిగె దొరికితే
ఇప్పటికీ వెంటనే పారెయ్య బుద్ధిగాదు.
గోరుమీద పెట్టుకొని, తిప్పి తిప్పి, కొనలు లెక్కబెడత.
ఎసరు మరిగి మరిగి ఇంకిపోతున్నదని
నా మనవడు పొయ్యికాడ నుంచి మొత్తుకుంటడు.