పోటుకో గీత

ఫాల్మత్‌లో కళ్ళజోళ్ళ దుకాణం నాది.
వారంలో ఐదు రోజులు
కనుపాపల్లోకి దీపం వేసి చూస్తాను.
ఆరో రోజు, పాటు వేళకి,
పెండెన్నిస్ కింద మోకాళ్ళూని
రాతి నెర్రెల్లోకి చూస్తాను.

ఈ పిచ్చి అంటించింది లవ్‌డే పెన్‌హేల్.
డెబ్భై ఆరేళ్ళ మనిషి. రబ్బరు బూట్లు,
ఒక జేబులో భూతద్దం,
ఇంకో జేబులో సగం కొరికిన బిస్కెట్టు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే నెర్రెని
లెక్కపెడుతోంది.

అందులో ఉండేది లసేయా.
పేరుకి మూడక్షరాలు, ఒళ్ళు నువ్వుగింజంత.
రెండు చిప్పలు, వాటి నడుమ ఓ బతుకు.
మూడో వారానికి గోళ్ళ చివర మిగిలే
గోరింట రంగు.
చచ్చిన బార్నకిల్ గూట్లో అద్దెకుంటుంది,
లేదంటే నల్లటి లైకెన్ కుదుళ్ళలో.
ఆ లైకెన్ అచ్చం మసాలాడబ్బాలో రాతిపువ్వు;
మొదటిసారి వాసన కూడా చూశాను,
ఉప్పు తప్ప ఏమీ లేదు.

పీచుపోగుతో రాతికి కట్టుకుని ఉంటుంది.
బుద్ధి పుడితే పోగు తెంపుకుని
తెల్లటి నాలుకలాంటి పాదం చాపి నడుస్తుంది.
అవును, నడుస్తుంది.
అంగుళం దాటితే దానికి దేశాంతరం.

తక్కిన గుల్లలు గుడ్లని లక్షల్లో నీటిపాలు చేసి
దక్కినవి దక్కుతాయనుకుంటాయి.
ఇది పదీ పన్నెండింటిని కడుపులోనే పొదిగి,
చిప్పలు మొలిచి కాలు నిలిచాకే
తలుపు తీస్తుంది.
అవి బయటికొచ్చి పక్క నెర్రెలో కాపురం పెడతాయి.
తండ్రి సంగతి అడిగితే లవ్‌డే భుజాలెగరేసింది.
"ఆడా మగా రెండూ తానే.
మగబీజం గుడ్డు తలుపు తట్టి పోతుందంతే,
లోపలికి రానివ్వరు.
ఈ నెర్రెంతా ఒక్క ఆవిడే అనుకో, మళ్ళీ మళ్ళీ."

ఇంకో సంగతి. నీళ్ళు కప్పిన ప్రతిసారీ
చిప్పలో ఒక గీత పెరుగుతుంది. పోటుకో గీత.
కింది రాళ్ళ మీద వాటికి రోజుకి రెండు.
పై నెర్రెల్లో వాటికి అమావాస్య పోటు, పున్నమి పోటు
తప్ప అందవు.
నడుమ రోజులన్నీ నోరు బిగించి
లోపలి తడిని దాచుకోవడమే.
ఆ రోజులకి గీతలుండవు.

మార్చిలో లవ్‌డే నా కుర్చీలో కూర్చుంది.
ఎదుటి పలక మీద మూడో వరుసలో ఆగిపోయింది.
"నడిమధ్య మసక," అంది,
"అంచులు బాగానే ఉన్నాయి."
కంటి వెనక పొర ఫోటో తెర మీదికి తెచ్చి
ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక నిలబడ్డాను.
"చెప్పద్దులే. శనివారం పాటు ఎన్నింటికి?"

ఆ శనివారం అమావాస్య.
భూతద్దం నా చేతిలో పెట్టి,
తన ఇంట్లో చీకట్లో స్విచ్చు వెతుక్కున్నట్టు
రాతి మీద అరచెయ్యి జరిపి
నేరుగా నెర్రెలోకి వేలు పోనిచ్చింది.
"చదువు," అంది.
నలభై మూడు.
"పోయినేడు అరవై. ఊఁ, రాయి."

ఒక ఖాళీ బార్నకిల్ గూడు,
సీసాలో కాసిన్ని సముద్రం నీళ్ళు ఇంటికి తెచ్చాను.
గూట్లో పాత చిప్పొకటి. సూక్ష్మదర్శిని కింద పెట్టి
గీతలు లెక్కపెడుతున్నాను.
ఒకచోట ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి,
ఏ చలికాలమో.
నూట పన్నెండు దగ్గర ఫోను మోగింది,
లెక్క తప్పింది.
మళ్ళీ కన్ను ఆనిస్తే నీటిచుక్కలో ఏదో కదిలింది.

గూట్లో అడుగున బతికున్నదీ ఒకటుంది.
దాని చుట్టూ పదకొండు నలుసులు,
గాజుపలక మీద పాదాలు చాపి
నేల కోసం తడుముతున్నాయి.

పోటు ఆరూ నలభైకి.
టీకప్పులో సీసా నీళ్ళు పోసి వాటిని వేసి
లవ్‌డేని ఎక్కించుకున్నాను. వాన.
కప్పు ఆమె ఒళ్ళో, మీద అరచెయ్యి మూత.
"ఎన్ని?"
"పదకొండు, తల్లి కాక."
"తల్లిని పొద్దున లెక్కలో వేశావా?"
"గుర్తులేదు."
"అయితే యాభై నాలుగు. కాదంటే యాభై ఐదు."

నెర్రెలోకి కప్పు వంచేసరికి
బూట్లలోకి నీళ్ళొచ్చాయి.
దిద్దుదామని నోట్‌బుక్ తెరిస్తే
కాగితం తడిసి పెన్సిలు పడలేదు.
ఆ అంకె ఇప్పటికీ నలభై మూడే.