ముల్లు ఆరు మీదకొచ్చేదాకా

పడుగుపాడు దాటినాక, కోవూరు రోడ్డులో
వెంగమాంబ బాయిల్డ్ రైసుమిల్లు.
ఇరవై ఏడేళ్లు నేనక్కడ నిప్పుకి కూడు పెట్టినా.
గంపలు గంపలు ఊక.
దాని ఆకలికి ఆదివారం లేదు.

నా కనుబొమలు చూడు,
ఎడమది సగమే ఉండాది.
తడి ఊక ఎగదన్నిన రాత్రి
మిగతా సగం పొయ్యి నోట్లోనే పోయింది.

ఉడికే ముందు వడ్లు నానాలి,
నానాలంటే నీళ్లు కాగాలి,
చెయ్యి తీసెయ్యాలనిపించేంత,
తోలు ఊడొచ్చేంత కాదు.
ఆ మధ్య వేడి నాకు అంకెల్లో తెలీదు.
గొట్టానికి మోచేయి ఆనిస్తే తెలుస్తాది.

నిరుడు మాఘంలో
వడ్లు ఆరబోసే గచ్చు మీద
ఇనపకాళ్లు పాతి అద్దాలు నిలబెట్టారు,
దోనెల మాదిరి వంగినవి, పందొమ్మిది వరసలు.
కందుకూరు నుంచి వచ్చిన ఇంజనీరు పాప నస్రీన్
"ఎండంతా ఈ సన్నగీత మీదకొచ్చి పడుద్ది తాతా" అన్నది.
నేను నమ్మలా.
గొట్టం ఇంకా బిగించలేదు.
బీడీ తీసి ఆ గీత మీద పట్టుకున్నా.
పది లెక్కపెట్టే లోపల అంటుకుంది.
జేబులో అగ్గిపెట్టె ఉండగానే
సూర్యుడి దగ్గర నిప్పు అప్పు తీసుకున్నానని
పొంగిపోతా ఉంటే
పాప నవ్వలేదు.
"నల్లద్దాలు పెట్టుకో ముందు" అన్నది.

ఆ గచ్చు నాకు కొత్త కాదు.
మా యమ్మ జాలమ్మ అక్కడే వడ్లు తిరగేసేది,
కాళ్లతో, చాళ్లు చాళ్లుగా.
రోహిణి కార్తెలో ఒక మధ్యాన్నం
చాలు మధ్యలో కూలబడింది.
నోట్లో నీళ్లు పోస్తే పక్కకి కారిపోయినై.
వడదెబ్బ అన్నారు.
మేస్త్రీ సగం కూలి లెక్కగట్టి ఇచ్చాడు,
సగం పూటే కదా చేసింది అని.

అదే ఎండ ఇప్పుడు
పదిన్నరకల్లా గొట్టంలో పడి
చప్పుడు లేకుండా తొట్టికి నడుస్తా ఉంటే
దాన్ని తిట్టాలో పలకరించాలో
నాకు తెలీలేదు.

ఊక మోసిన చెంచమ్మే ఇప్పుడు అద్దాలు తుడుస్తాది,
తెల్లారుజామున, మంచు ఆరకముందే,
పెన్న ఇసక లారీలు రేపిన దుమ్మంతా.
"దూరం నిలబడితే నా మొహం తలకిందులు,
దగ్గరికి పోతే చాటంత.
నడిమధ్యన ఒకచోట
మొహమే ఉండదబ్బయ్యా, వెలుగే" అంటాది.
ఆ చోటు వెతకతా నేనూ ఒకరోజు
ముందుకీ వెనక్కీ నడిచినా.

మా ఊక మాత్రం లారీలెక్కి ఇటుక బట్టీలకు పోతా ఉంది.
పొగకి ఊరు మారిందంతే.

కార్తీకంలో వాయుగుండం పట్టింది.
మూడు రోజులు ఆకాశానికి కన్ను లేదు.
అద్దాలన్నీ బోర్లా తిప్పేశారు.
తొట్లో వడ్లు చల్లబడి పులుపు వాసన మొదలైంది.
ఓనరు ఫోను. గొంతులో చాలా మర్యాద.

తడుస్తా పోయి పొయ్యి తలుపు లాగితే
లోపల బూడిదలో పిల్లి ఈని ఉండాది.
నాలుగు పిల్లలు, కళ్లింకా తెరవలేదు.
గోనెపట్టాలో వాటిని ఎత్తి
తూకం గది మూల పెట్టి వచ్చి
అప్పుడు అంటించినా.
ముల్లు ఆరు మీదకొచ్చేదాకా
నస్రీన్ నా పక్కనే నిలబడి
ఊక ఎట్టా చల్లాలో అడిగి రాసుకుంది.
"మబ్బు పట్టినప్పుడు మీరే కావాలి తాతా."
మంచి మాటే.
కానీ మబ్బు ఏడాదికి ఎన్ని రోజులు?

నాలుగోరోజు ఎండ కాసింది.
అద్దాలు మళ్లీ మొహమెత్తినై.
గొట్టానికి మోచేయి ఆనించినా.
అదే వేడి.
ఎవరు కాచారో నీళ్లు చెప్పవు.

పిల్లి ఒక్కోదాన్నీ మెడ పట్టుకుని
మళ్లీ పొయ్యి దారి పట్టింది.
ఇటుకలింకా కాలతా ఉండాయి.
తలుపుకి అడ్డంగా కూర్చున్నా,
చల్లారేదాకా.