పలాస, రెండో ఆట

జీడిసొన కాల్చిన వేళ్ళతో
టికెట్టు నలుపుతూ కూర్చుంది సన్నెమ్మ.
హిందీ ముక్క రాదు.

దాలినాయుడు బొంబాయిలో
పదకొండు సినిమాల్లో కానిస్టేబులు,
నాలుగింట్లో శవం.
ఒక్కసారి మాట దొరికింది: "జీ సాబ్."
బట్టీలో నెల్లాళ్ళు అదే మా పలకరింపు.

ఇప్పుడు డైరెక్టరు.
పేరు పడినప్పుడు నేనే చదివి చెప్పాను.
అయినా వెతుకుతోంది
గుంపుల్లో, రైలు కిటికీల్లో, పాడె మీద.
"ఆడేడే? ఈసారి సచ్చిపోయిన ఏసం కూడా ఇవ్వనేదేటి?"

ఇంటర్వెల్ తర్వాత
తెర మీదొక ఆడమనిషి
కొంగు ముడి పళ్ళతో విప్పి
కుర్రాడి జేబులో రెండు పది నోట్లు కుక్కింది.
రైలు కూసింది.

సన్నెమ్మ చెయ్యి తన కొంగు మీదికి పోయింది.
చాలాసేపు మాట్లాడలేదు.

లైట్లు వెలిగాక అంది:
"లెక్క తప్పు సెప్పినాడు.
నానిచ్చింది నాలుగు."