ప్యాడ్లు పట్టేవాడు

సురిన్ ఊరవతల, చెరకు లారీలు ఆగే మలుపు దగ్గర
రేకుల కప్పు కింద మా శిబిరం.
ముప్ఫై రెండేళ్ళుగా నా ఉద్యోగం ఒక్కటే:
రెండు చేతులకీ తోలు ప్యాడ్లు కట్టుకుని నిలబడటం,
తన్నమనడం.

ఎవరి కాలిలో ఏముందో నా మోచేతికి తెలుసు.
ఇనుము ఎత్తినవాడి తన్ను
కోపంగా మూసిన తలుపు. ఒక్కసారే.
ఇల్లంతా అదురుతుంది.
పరుగెత్తినవాడి తన్ను చూరునీళ్ళు.
పడుతుంది, పడుతుంది,
లెక్క మరిచాక కూడా పడుతుంది.

ఈ వానాకాలం శిబిరం రెండుగా చీలింది.
బాంకాక్‌లో మూడేళ్ళుండి వచ్చిన విరుత్
చచ్చిన ట్రాక్టరు ఇరుసుకి అటూ ఇటూ
సిమెంటు పోసిన నూనెడబ్బాలు బిగించాడు.
"కండ లేని దమ్ము కొలిమితిత్తి" అన్నాడు.
ముసలి గురువు థవీ తన మోపెడ్ బయటికి తీశాడు,
తెల్లారగట్ల ఐదింటికి, కాలవగట్టున పది కిలోమీటర్లు.
"దమ్ము లేని కండ కసాయికొట్టు" అన్నాడు.
తిండి దగ్గర ఇద్దరూ నా వైపు చూశారు.
నేను బంక అన్నం ముద్ద చేసి
మిరప్పచ్చడిలో అద్దుకున్నాను.

కంపోన్ ఇరుసు వైపు వెళ్ళాడు. పంతొమ్మిదేళ్ళు.
నెల తిరిగేసరికి నా ఎడమ మణికట్టు వాచింది.
నాకు గర్వంగానే ఉండింది.
వాడి చెల్లెలు సాయ్‌రుంగ్ మోపెడ్ వెనక పడింది.
పెట్రోలు అయిపోయి గురువు ఆగిన రోజు
ఆ పిల్ల ఆగలేదు.

విహారం జాతర రాత్రి.
సన్నాయి గొంతు పెరుగుతుంటే
పందెంరాయుళ్ళ వేళ్ళు గాల్లో అంకెలు వేస్తున్నాయి.
రెండో రౌండులో కంపోన్ కాలు
అవతలివాడిని నేలమీద కూర్చోబెట్టింది.
ఎనిమిది లెక్కపెట్టాక వాడు లేచాడు.
లేవడమే కాదు, నవ్వాడు.
నాలుగో రౌండులో మూలన నిలబడి చూశాను:
మావాడి గుప్పిళ్ళలో సత్తువ అలాగే ఉంది,
బీరువాలో నగల్లా.
తాళంచెవి ఊపిరి దగ్గర.
ఊపిరి ఎక్కడుందో వాడికే తెలియలేదు.

సాయ్‌రుంగ్ ఎదుటి పిల్ల తూకంలో ఎక్కువ తూగింది,
ఆట రద్దయింది.
కాబట్టి పరుగు గెలుస్తుందని నేను ఒట్టేయలేను.
గెలిచేదని గురువు దారంతా చెప్పాడు.
ట్రక్కు వెనక, మంచుగడ్డల సంచి కంపోన్ కంటికి అదిమిపట్టి
విరుత్ ఒకే మాటన్నాడు:
"ఇంకో పది కిలోలు ఎత్తించి ఉంటే
ఆ రెండో రౌండులోనే లేచేవాడు కాదు."
అదీ అబద్ధం కాదు.

మర్నాడు పొద్దున్న ఆ పిల్ల రెండువందల తన్నులకి వచ్చింది.
నూట ఎనభై నాలుగు దగ్గర ఆగి, తలపట్టీ పిండుకుంటూ
"మామా, నీలో ఉన్నదేది? సత్తువా, దమ్మా?" అంది.

నేను పరుగెత్తి ఎన్నాళ్ళయిందో.
ఇరవై నాలుగో ఏట మోకాలు పోయింది.
ఒక రాత్రి ఎవరూ లేనప్పుడు ఆ ఇరుసు పట్టుకున్నాను,
అది నేలని వదల్లేదు.
కానీ దెబ్బ వచ్చే క్షణం తెలుసు.
చెయ్యి వదులుగా ఉంటే తన్నినవాళ్ళ పాదం బెణుకుతుంది,
బిగిస్తే నా మోచెయ్యి పోతుంది.
ఒక్క బెత్తెడు ఎదురెళ్ళి అందుకోవాలి.
ఎన్ని వేల బెత్తెలు నడిచానో
నిలబడ్డచోటే.
దీన్ని పెంచడానికి ఇనుమూ లేదు, కాలవగట్టూ లేదు,
దీనికోసం ఎవరూ తిండి దగ్గర కొట్టుకోరు.

ఇదంతా ఆ పిల్లకి చెప్పలేదు.
ఎడమ ప్యాడ్ పైకెత్తి
"ఇంకా పదహారున్నాయి" అన్నాను.